ఏజో పాలిమర్ (కాంతికి ఆకారం మార్చుకునే రంగు అణువులున్న ప్లాస్టిక్) పొర మీద గ్రేటింగ్ (సన్నని సమాంతర గీతల వరుస) పైకి లేవట్లేదు, డిఫ్రాక్షన్ 0.4 శాతం దగ్గరే ఆగిపోతోంది

సన్నపొర
పాలిమర్ డిస్పర్స్ రెడ్ 1 మెథాక్రిలేట్ హోమోపాలిమర్ (పీడీఆర్1ఎమ్), బయట కొన్నదే. క్లోరోఫాంలో 2 శాతం కలిపి 3000 ఆర్‌పీఎం దగ్గర గాజు స్లైడ్ మీద స్పిన్ చేస్తున్నాను. లేజర్ 532 నానోమీటర్ల డీపీఎస్ఎస్ (డయోడ్‌తో నడిచే ఘనస్థితి లేజర్). స్పేషియల్ ఫిల్టర్ దాటాక 60 మిల్లీవాట్లు మిగులుతోంది, దాన్ని 25 మిల్లీమీటర్ల వ్యాసానికి కొలిమేట్ చేశాను. లాయిడ్ మిర్రర్ అమరిక (బీమ్ సగం నేరుగా, సగం అద్దం మీంచి స్లైడ్‌ని చేరుతుంది), అల్యూమినియం అద్దం, స్లైడ్ లంబానికి బీమ్ 15.4 డిగ్రీలు. పీరియడ్ (గీతకీ గీతకీ దూరం) = తరంగదైర్ఘ్యం ÷ (2 × సైన్ కోణం) కాబట్టి 1 మైక్రాన్ రావాలి.

అరగంట ఎక్స్‌పోజర్ తర్వాత హీలియం-నియాన్ లేజర్ (633 నానోమీటర్లు) పెట్టి చూస్తే 39 డిగ్రీల దగ్గర ఫస్ట్ ఆర్డర్ చుక్క కనిపిస్తోంది, అంటే పీరియడ్ సరిగ్గానే ఉంది. ఎఫిషియెన్సీ (ఆ చుక్కలోకి వెళ్ళే కాంతి) మాత్రం 0.4 శాతం. ఇంకో అరగంట ఉంచినా పెరగట్లేదు. పేపర్లలో ఇదే పాలిమర్‌తో వందల నానోమీటర్ల లోతు చూపిస్తున్నారు. ఎక్కడ ఆగిపోతోంది?

తరంగం532
పోలరైజేషన్ ఏంటో రాయలేదు. అన్నిటికంటే ముందు అది చెప్పండి.

ఓరుగల్లు_ఆప్టిక్స్
తరంగం అడిగిందే నా ప్రశ్న కూడా. ఈలోపు 0.4 శాతం అంటే లోతు ఎంతో లెక్కేద్దాం. పలుచటి సైన్ ఆకారపు ఫేజ్ గ్రేటింగ్‌కి ఫస్ట్ ఆర్డర్ ఎఫిషియెన్సీ బెసెల్ జే1 వర్గం. ఫేజ్ ఆంప్లిట్యూడ్ = పై × (ఎన్ − 1) × లోతు ÷ 633. ఎన్ (పొర వక్రీభవన గుణకం) 1.7 అనుకుంటే:
100 నానోమీటర్లకి సుమారు 3 శాతం
250 కి 15 శాతం చిల్లర
300 కి 20 శాతం
గరిష్ఠంగా వచ్చేది 33.9 శాతమే, ఎంత లోతు పెంచినా దాన్ని దాటదు.
ఈ లెక్కన మీ 0.4 శాతం అంటే 35–40 నానోమీటర్లు. అది కూడా మొత్తం రిలీఫే (ఉపరితలపు ఎత్తుపల్లాలే) అనుకుంటే.

చినుకు
"మొత్తం రిలీఫే అనుకుంటే" అన్నది ముఖ్యం. ఏజో పొరలో రెండు గ్రేటింగులు ఒకదానిమీద ఒకటి పుడతాయి. మొదటిది అణువులు తిరగడం వల్ల వచ్చే బైరిఫ్రింజెన్స్ (దిశని బట్టి వక్రీభవనం మారడం) గ్రేటింగ్, సెకన్లలో వచ్చేస్తుంది. రెండోది ఉపరితలం నిజంగా పైకీ కిందికీ కదలడం, దానికి నిమిషాలు పడుతుంది. ప్రోబ్ (హీలియం-నియాన్) సిగ్నల్‌ని ఎక్స్‌పోజర్ మొదటి సెకను నుంచి రికార్డ్ చేయండి. మొదటి 10–20 సెకన్లలో గబుక్కున లేచి అక్కడే చదునుగా ఆగిపోతే మీకు వచ్చింది అణువుల అమరిక మాత్రమే, రిలీఫ్ మొదలే కాలేదు. గ్రీన్ బీమ్ ఆపాక సిగ్నల్ ఎంత పడుతుందో కూడా చూడండి. రిలీఫ్ అయితే పడదు, టీజీ (పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత) దాటి వేడి చేసేదాకా అలాగే ఉంటుంది.

సన్నపొర
రికార్డ్ చేశాను. చినుకు గారు చెప్పినట్టే మొదట గబుక్కున లేచి ఆగింది. బీమ్ ఆపితే దాదాపు మూడో వంతు పడిపోయింది. పోలరైజేషన్: లేజర్ బయటికొచ్చేది నిలువు, అద్దం కూడా టేబుల్ మీద నిలువుగానే నిలబెట్టాను. మధ్యలో ఏ ప్లేటూ లేదు.

తరంగం532
దొరికింది. ఆప్టికల్ టేబుల్ మీద బీమ్ అడ్డంగా నడుస్తోంది, అద్దం నిలువుగా ఉంది, అంటే ఇన్సిడెన్స్ తలం టేబుల్‌కి సమాంతరం. నిలువు పోలరైజేషన్ దానికి ఎస్ (తలానికి లంబం). ఫ్రింజులు (వెలుగు-చీకటి గీతలు) కూడా నిలువే. విద్యుత్ క్షేత్రం ఫ్రింజు గీత వెంబడే ఊగుతోంది, గీతకి అడ్డంగా ఒక్క అంశ కూడా లేదు. ఎస్-ఎస్ కలయికలో ఇంటెన్సిటీ కాంట్రాస్ట్ పూర్తిగా ఉన్నా అమార్ఫస్ (స్ఫటిక క్రమం లేని) ఏజో పాలిమర్ దాదాపు కదలదు. 1990ల నుంచీ ఈ రంగంలో పదే పదే కనిపించిన విషయమిది: పదార్థం పోలరైజేషన్ దిశలోనే జరుగుతుంది. మీకు కావలసింది పి (ఆ తలంలోనే ఊగేది). బీమ్‌లో హాఫ్‌వేవ్ ప్లేట్ పెట్టి 45 డిగ్రీలు తిప్పితే పోలరైజేషన్ 90 తిరుగుతుంది.

పి అయిందో లేదో చూడడానికి పోలరైజర్ కూడా అక్కర్లేదు. మామూలు గాజు స్లైడ్‌ని బీమ్‌లో సుమారు 56 డిగ్రీల దగ్గర పెట్టి, అద్దం ఏ అక్షం చుట్టూ వాలి ఉందో ఆ అక్షం చుట్టూనే తిప్పండి. పి అయితే ప్రతిబింబపు చుక్క దాదాపు మాయమవుతుంది.

రంగులరాట్నం
పి-పి కంటే సర్క్యులర్ మేలు కదా? ఎదురెదురు చేతి, అంటే ఎదురెదురు వైపులకి తిరిగే సర్క్యులర్ (ఎడమ + కుడి) కలయికకే లోతు ఎక్కువ వస్తుందని అన్నిచోట్లా ఉంది. లాయిడ్ మిర్రర్‌లో ఇది ఉచితంగా దొరుకుతుంది: క్వార్టర్‌వేవ్ ప్లేట్ (లీనియర్‌ని సర్క్యులర్ చేసేది) ఒక్కటి పెట్టండి, అద్దం మీద తగిలిన సగం చేయి మార్చుకుంటుంది. పని అయిపోయింది.

ఓరుగల్లు_ఆప్టిక్స్
@రంగులరాట్నం ఎదురెదురు సర్క్యులర్ మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఈ కోణంలో అద్దం చేయి మార్చదు. "ప్రతిబింబిస్తే చేయి మారుతుంది" అన్నది అద్దానికి దాదాపు ఎదురుగా కొట్టినప్పటి మాట. ఇక్కడ స్లైడ్ మీద 15.4 డిగ్రీలు అంటే అద్దం మీద 74.6 డిగ్రీలు, దాదాపు రాసుకుంటూ పోతోంది. లోహపు అద్దంలో ఎస్, పిల మధ్య దశాభేదం ఎదురుగా 180 నుంచి మొదలై పూర్తిగా రాసుకునేటప్పటికి సున్నాకి దిగుతుంది. అల్యూమినియానికి 532 దగ్గర, 74.6 డిగ్రీల్లో, తెలిసిన వక్రీభవన విలువలతో లెక్కేస్తే సుమారు 125 డిగ్రీలు వస్తుంది. అంటే సర్క్యులర్ కాదు, ఎలిప్టికల్. పూత లేని వెండి అద్దమైతే ఇంకా ఘోరం: దాదాపు 75 డిగ్రీల దగ్గర దశాభేదం సరిగ్గా 90. సర్క్యులర్ వెళ్ళి లీనియర్‌గా తిరిగొస్తుంది. నేరుగా వచ్చే సగం సర్క్యులర్, అద్దం నుంచి వచ్చే సగం లీనియర్. ఆ రెంటి కలయికని సర్క్యులర్ గ్రేటింగ్ అని ఎవరూ అనలేరు.

రంగులరాట్నం
చిన్న పీరియడ్లకి లాయిడ్ మీద సర్క్యులర్‌తో మంచి లోతులు వస్తున్నాయి మరి.

ఓరుగల్లు_ఆప్టిక్స్
చిన్న పీరియడ్ అంటే స్లైడ్ కోణం పెద్దది, అద్దం కోణం చిన్నది. 532 తో 376 నానోమీటర్ల పీరియడ్ రాయాలంటే రెండూ 45 డిగ్రీలే. అక్కడ అల్యూమినియం దశాభేదం 180కి చాలా దగ్గర. మీరు చెప్పింది అక్కడ నిజం, 1 మైక్రాన్ దగ్గర కాదు. 1 మైక్రాన్‌కి సర్క్యులర్ కావాలంటే బీమ్‌స్ప్లిటర్‌తో రెండు దారుల అమరిక కట్టి, ఒక్కో దారిలో చివరి అద్దం దాటాక ఒక క్వార్టర్‌వేవ్ పెట్టాలి. లాయిడ్‌తో అయితే పి-పి యే నమ్మకం.

రంగులరాట్నం
సరే, 1 మైక్రాన్ వరకూ ఒప్పుకున్నా. కానీ పి-పి లో కాంట్రాస్ట్ నష్టం ఉంటుంది, అదీ చెప్పాలి కదా.

ఓరుగల్లు_ఆప్టిక్స్
ఉంటుంది, ఇక్కడ తక్కువే. పి-పి లో రెండు క్షేత్రాల మధ్య కోణం స్లైడ్ కోణానికి రెట్టింపు, కాంట్రాస్ట్ దాని కొసైన్. 30.8 డిగ్రీల కొసైన్ 0.86. 45 డిగ్రీల అమరికలో అయితే ఇది సున్నా అయిపోతుంది, అక్కడ ఇంటెన్సిటీ ఫ్రింజులే ఉండవు, పోలరైజేషన్ మార్పు మాత్రమే మిగులుతుంది. అద్దం పి ని కొంత మింగుతుందనే భయం అక్కర్లేదు: 70 శాతమే తిరిగొచ్చినా కాంట్రాస్ట్ 0.98.

తిప్పుడుయంత్రం
అందరూ పోలరైజేషన్ మీద పడ్డారు, పొర సంగతి ఎవరూ అడగలేదు. 2 శాతం, 3000 ఆర్‌పీఎం అంటే పొర బాగా పలుచన. 100–150 నానోమీటర్లు ఉంటే గొప్ప. అడుగున గాజుకి అంటుకున్న భాగం కదలదు, కదలాల్సిన సరుకే లేనప్పుడు లోతు ఎక్కడ్నుంచి వస్తుంది? పీక్ నుంచి లోయ దాకా 250 కావాలంటే పొర కనీసం 400 ఉండాలి. నేను సూచించేది 400–600.

క్లోరోఫాం 1 మిల్లీలీటరు సుమారు 1.5 గ్రాములు. అందులో 75 మిల్లీగ్రాముల పాలిమర్ వేస్తే దాదాపు 5 శాతం. మూత బిగించి, చీకట్లో, రాత్రంతా కలపాలి. 0.2 మైక్రాన్ పీటీఎఫ్ఈ ఫిల్టర్ వాడండి, సిరంజి కూడా గాజుదే. ప్లాస్టిక్ సిరంజిలోని రబ్బరు పిస్టన్‌ని క్లోరోఫాం నానబెట్టి అందులోని నూనె లాంటి పదార్థాన్ని మీ ద్రావణంలోకి తెస్తుంది, పొర మీద గుండ్రటి చిల్లులు వస్తే కారణం సగం సార్లు అదే. స్పిన్ 1000–1500. ద్రావణం పోసి ఆలోచిస్తూ కూర్చోకూడదు, పోసిన రెండు మూడు సెకన్లలో తిరగాలి.

శాతాన్ని చూసి మందం చెప్పుకోవద్దు. పొర మీద బ్లేడుతో గాజు దాకా గీత గీసి ప్రొఫైలోమీటర్‌తోనో ఏఎఫ్ఎం (సూదిమొనతో ఉపరితలాన్ని తడిమే మైక్రోస్కోప్) తోనో మెట్టు కొలవండి.

ఉప్పెనగాలి
వానాకాలంలో క్లోరోఫాంతో స్పిన్ చేస్తే పొర పాలిపోయినట్టు, మసకగా వస్తుంది. విశాఖ లాంటి ఊళ్ళో జులైలో తేమ ఎలా ఉంటుందో తెలిసిందే కదా. దానికి మందేంటి?

తిప్పుడుయంత్రం
@ఉప్పెనగాలి క్లోరోఫాం చాలా వేగంగా ఆవిరవుతుంది, ఆ చల్లదనానికి పొర మీద గాలిలోని తేమ బొట్లు కడుతుంది. బొట్లు ఆరాక వాటి చోట గుంటలు మిగులుతాయి, అదే ఆ మసక. మూడు దార్లు. స్పిన్ కోటర్ గిన్నెలోకి పొడి నైట్రోజన్ వదలండి. లేదా గది తేమ 40 శాతం లోపు ఉన్నప్పుడే పని పెట్టుకోండి. లేదా నెమ్మదిగా ఆరే 1,1,2,2-టెట్రాక్లోరోఈథేన్‌కి మారండి. పొర అద్దంలా వస్తుంది, కానీ అది కాలేయానికి బాగా చెరుపు చేసే ద్రావకం, ఫ్యూమ్ హుడ్ బయట సీసా మూత కూడా తీయకూడదు. పైగా 146 డిగ్రీల దగ్గర మరిగేది కాబట్టి పొరలోంచి అంత తేలిగ్గా పోదు.

ద్రావకం మిగిలితే ఏం జరుగుతుందో కూడా రాస్తాను, ఎందుకంటే ఇది తప్పుదారి పట్టిస్తుంది. మిగిలిన ద్రావకం ప్లాస్టిసైజర్‌లా పనిచేసి టీజీని కిందికి లాగుతుంది. గ్రేటింగ్ భలే వేగంగా లేస్తుంది, సంబరపడతారు. వారానికి ద్రావకం పోయి పొర కుంచించుకుంటుంది, లోతు మారిపోతుంది, ఆ రెసిపీ ఇంకెప్పుడూ మళ్ళీ రాదు. పీడీఆర్1ఎమ్ టీజీ 130 దగ్గర ఉంటుంది కాబట్టి వాక్యూమ్ ఓవెన్‌లో 90–95 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. అక్రిలేట్ రకానికి (పీడీఆర్1ఏ) టీజీ బాగా తక్కువ. బ్యాచ్‌ని బట్టి, మాలిక్యులార్ వెయిట్‌ని బట్టి మారుతుంది కనుక డీఎస్‌సీ (టీజీ కొలిచే ఉష్ణ పరీక్ష) చేయించుకుని టీజీకి 35–40 డిగ్రీలు కింద బేక్ చేయండి.

మల్లెతీగ
ఒక చిన్న మాట: గ్లవ్స్ రెండు పొరలు వేసుకోండి. క్లోరోఫాం మామూలు నైట్రైల్ గ్లవ్‌ని నిమిషాల్లో దాటేస్తుంది. ఆ ఎరుపు వేళ్ళకి అంటితే గోరింటాకు పండినట్టే, పెళ్ళికి వెళ్ళే పని లేకపోయినా అందరూ చేతులే చూస్తారు.

తరంగం532
హహ. డిస్పర్స్ రెడ్ అసలు పాలియెస్టర్ బట్టలకి వేసే రంగే, అంటుకోవడమే దాని పని.

చినుకు
డోస్ కూడా చూడండి @సన్నపొర. 60 మిల్లీవాట్లని 25 మిల్లీమీటర్ల మీద పరిచారు. విస్తీర్ణం 4.9 చదరపు సెంటీమీటర్లు, అంటే చ.సెం.మీ.కి 12 మిల్లీవాట్లు. అరగంటకి 22 జౌళ్ళు. అదే బీమ్‌ని 10 మిల్లీమీటర్లకి తగ్గిస్తే 76 మిల్లీవాట్లు, 20 నిమిషాలకే 90 జౌళ్ళు దాటుతుంది. మామూలుగా ఈ పని 50–200 మిల్లీవాట్ల మధ్య, 10–30 నిమిషాల్లో జరుగుతుంది. 12 మిల్లీవాట్లకి కూడా గంటల తరబడి ఉంచితే కదులుతుంది కానీ అంతసేపు ఫ్రింజులు నిలవాలి కదా.

గాజుగది
ఫ్రింజులు నిలవడం గురించి: ఫ్యాన్ కట్టేయండి, ఏసీ గాలి టేబుల్ మీద పడకుండా అట్టపెట్టెతో కప్పండి. లాయిడ్‌లో అద్దమూ స్లైడూ ఒకే దిమ్మ మీద బిగించి ఉంటే వణుకు రెంటికీ ఒకేలా తగులుతుంది, ఫ్రింజు జరగదు, ఆ అమరికకి ఉన్న గొప్ప సుగుణం అదే. స్లైడ్‌ని క్లిప్పుతో కాక డబుల్ టేప్‌తో అంటిస్తే మాత్రం టేప్ వేడికి మెల్లగా జారుతుంది.

ఇంకోటి, చవక 532 లేజర్లు చాలావాటిలో లాంగిట్యూడినల్ మోడ్‌లు (ఒకేసారి వెలువడే దగ్గరి తరంగదైర్ఘ్యాలు) అనేకం, కొహెరెన్స్ పొడవు (ఫ్రింజులు నిలిచే దారి తేడా) మిల్లీమీటర్లలోనే ఉండొచ్చు. లాయిడ్‌లో అద్దం అంచు నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో దారి తేడా 2 × 10 × సైన్ 15.4, అంటే 5.3 మిల్లీమీటర్లు. స్లైడ్ మీద అద్దం దగ్గర గ్రేటింగ్ బలంగా ఉండి, దూరం పోయేకొద్దీ చచ్చిపోతోందా? అలా ఉంటే లేజర్‌ది తప్పు. సింగిల్ మోడ్ లేజర్ దొరక్కపోతే అంచు దగ్గరి 3–4 మిల్లీమీటర్లే వాడుకోండి.

సన్నపొర
గాజుగది గారూ, ప్రోబ్‌ని పక్కకి జరిపి చూశాను: 8 మిల్లీమీటర్ల దాకా పెద్ద తేడా లేదు, లేజర్ బాగానే ఉంది. పొర మెట్టు కొలిస్తే 130 నానోమీటర్లు. హాఫ్‌వేవ్ ప్లేట్ వచ్చింది, 5 శాతం ద్రావణం రాత్రికి కలుపుతున్నాను.

నేతగాడు
పీడీఆర్1ఎమ్ ఖరీదెక్కువ. డిస్పర్స్ రెడ్ 1 రంగు విడిగా కొని పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) లో 10 శాతం కలిపితే సరిపోదా? రంగు అదే, కాంతి అదే.

చినుకు
@నేతగాడు సరిపోదు. రంగు అణువు పాలిమర్ గొలుసుకి అతుక్కుని ఉండాలి. విడిగా కలిపితే అణువులు తిరుగుతాయి, బైరిఫ్రింజెన్స్ వస్తుంది, గొలుసుల్ని మాత్రం లాగలేవు. రిలీఫ్ దాదాపు రాదు. 1995లో ఈ రిలీఫ్ గ్రేటింగులు రెండు చోట్ల విడివిడిగా బయటపడ్డాయి, కెనడాలోని కింగ్‌స్టన్‌లో రొషాన్, నాటన్సోన్ వాళ్ళ దగ్గర, అమెరికాలోని లోవెల్‌లో త్రిపాఠి, కుమార్ వాళ్ళ దగ్గర. రెండు చోట్లా ఏజో గుంపు పాలిమర్‌కి రసాయనికంగా కట్టి ఉన్నదే.

ఖర్చు తగ్గాలంటే కట్టు బలహీనమైనదైనా చాలు, ఉండడం ముఖ్యం. ఫిన్లాండ్‌లో ప్రియిమాగి బృందం హైడ్రోజన్ బంధం, హాలోజన్ బంధంతో ఏజో అణువుల్ని పాలీవినైల్‌పిరిడీన్ మీద కట్టి మంచి రిలీఫులు తెచ్చింది. సంశ్లేషణ అక్కర్లేదు, రెండూ ఒకే ద్రావకంలో కలిపి స్పిన్ చేయడమే. అయితే తరంగదైర్ఘ్యం చూసుకోవాలి. అంగట్లో చవగ్గా దొరికే 4-ఫినైల్‌ఏజోఫినాల్ పీక్ 350 దగ్గర, 532 దాన్ని పట్టించుకోదు.

నేతగాడు
పాజో (నీటిలో కరిగే సల్ఫోనమైడ్ ఏజో పాలిమర్) సంగతి?

చినుకు
పాట్స్‌డామ్‌లో సాంటెర్ బృందం ఎక్కువగా వాడేది అదే, బాగా కదులుతుంది. కానీ దాని పీక్ 365 చుట్టూ. తోక నీలం దాకా వస్తుంది కాబట్టి 488 లేదా 491తో రాస్తారు, 532తో కాదు. పైగా అయానిక్ కావడంతో గాలిలో తేమ తాగుతుంది. తేమ ఎంతో రాసుకోకుండా దాని మీద తీసిన కొలతలు పోల్చడానికి పనికిరావు. ఉప్పెనగాలి గారి ఊరికి నేను సిఫారసు చేయను.

కొత్తమొలక
అసలు గట్టి ప్లాస్టిక్ గది వేడిలో ఎలా పారుతుంది? లేజర్ వేడికి కరిగి కాదా?

తరంగం532
@కొత్తమొలక కాదు. 100 మిల్లీవాట్ల తీవ్రతకి పొర వేడెక్కేది కొద్ది డిగ్రీలే, టీజీకి దాదాపు వంద డిగ్రీల దూరం. ట్రాన్స్ రూపంలో ఏజోబెంజీన్ పొడవు 0.9 నానోమీటర్లు, కాంతి తగిలి సిస్ అయితే 0.55కి ముడుచుకుంటుంది, మళ్ళీ చాచుకుంటుంది. డిస్పర్స్ రెడ్ లాంటివాటిలో ఈ చక్రం కాంతి ఉన్నంతసేపూ ఆగకుండా తిరుగుతుంది. అలా ప్రతి అణువూ కదిలిపోతూ ఉంటే చుట్టూ ఉన్న గొలుసులు మెత్తబడతాయి. 2005లో కరగ్యోర్గియెవ్ వాళ్ళు నేచర్ మెటీరియల్స్‌లో చూపించింది ఇదే, కాంతి కింద పొర ద్రవంలా పారుతుందని.

ఓరుగల్లు_ఆప్టిక్స్
@తరంగం532 "మెత్తబడి పారుతుంది" అనేస్తే సగమే చెప్పినట్టు. ఒట్టిగా మెత్తబడితే తలతన్యత ఉపరితలాన్ని చదును చేయాలి, ఎత్తులు లేపకూడదు. సమానమైన కాంతి, లీనియర్ పోలరైజేషన్ కింద గుండ్రటి స్తంభం పెడితే అది పోలరైజేషన్ దిశలో సాగి దీర్ఘవృత్తం అవుతుంది. అక్కడ ఇంటెన్సిటీ వాలు లేనే లేదు. సాగదీసేది ఏంటి? అణువులు క్షేత్రానికి అడ్డంగా తిరుగుతూ గొలుసుల్ని లాగే ఒత్తిడి. సఫియానికోవా, తోష్చెవికోవ్ లెక్కల ప్రకారం ఆ ఒత్తిడి గట్టి పాలిమర్ యీల్డ్ స్ట్రెస్‌ని (శాశ్వతంగా ఆకారం మారే హద్దుని) దాటగలదు, కరగాల్సిన పనే లేదు.

తరంగం532
2005 పేపర్ పేరులోనే ఆ పారడం దిశని బట్టి ఉంటుందని ఉంది అన్నా. దిశ లేదని నేననలేదు. నా పట్టు ఒక్కటే: కాంతి లేనప్పుడు అంతే ఒత్తిడి యంత్రంతో పెట్టి చూడండి, అంత తేలిగ్గా కదలదు.

చినుకు
ఇద్దరి మాటా ప్రయోగంలో ఒకే సలహాకి వస్తుంది: అమార్ఫస్ పాలిమర్‌లో సరుకు వెలుగు నుంచి చీకటికి, పోలరైజేషన్ దిశలో పోతుంది. ఇంటర్‌ఫెరోమీటర్ కట్టకముందే ఇది పరీక్షించుకోవచ్చు. 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో లీనియర్ బీమ్‌ని పొర మీద ఒక చుక్కగా ఫోకస్ చేయండి, ఒక మిల్లీవాట్ కంటే తక్కువ, రెండు మూడు నిమిషాలు. ఏఎఫ్ఎంలో మధ్యలో గుంట, పోలరైజేషన్ దిశలో అటూ ఇటూ రెండు గుట్టలు కనిపించాలి. కనిపిస్తే పాలిమర్ మంచిదే, తప్పు అమరికలో ఉంది. పవర్ ఎక్కువ పెడితే రంగు వెలిసిపోతుంది, ఆ మచ్చ మళ్ళీ కోలుకోదు.

సన్నపొర
కొత్త అంకెలు. పొర 450 నానోమీటర్లు, 92 డిగ్రీల్లో వాక్యూమ్ బేక్. బీమ్ 10 మిల్లీమీటర్లు, పి-పి, 20 నిమిషాలు. ఎఫిషియెన్సీ 13.5 శాతం, బీమ్ ఆపాక 12.8. ఏఎఫ్ఎంలో లోతు 210 నానోమీటర్లు. ఓరుగల్లు గారి లెక్క 13.5కి 230 చెబుతోంది, తేడా బైరిఫ్రింజెన్స్ వల్లనే అనుకుంటున్నా. అందరికీ కృతజ్ఞతలు.

తిప్పుడుయంత్రం
ఏఎఫ్ఎం టిప్ లోయ అడుగు దాకా వెళ్ళిందో లేదో కూడా చూసుకోండి, అరిగిన టిప్ లోతు తక్కువ చూపిస్తుంది. 1 మైక్రాన్ పీరియడ్‌కి పెద్ద సమస్య కాదులెండి. చాలా బాగా వచ్చింది.

కొలనుకలువ
ఈ దారం నాకు సరిగ్గా సమయానికి దొరికింది. ఓరుగల్లు గారు చెప్పిన స్తంభాల పనే నాది. 5 మైక్రాన్ల వ్యాసం, 5 మైక్రాన్ల ఎత్తు, 10 మైక్రాన్ల పీరియడ్ స్తంభాలు పీడీఎంఎస్ (మెత్తటి రబ్బరు లాంటి పాలిమర్) అచ్చుతో తీయాలి, తర్వాత కాంతితో ఆకారం మార్చి నీటిబొట్టు ఒక దిశలో ఎక్కువ పాకేలా చేయాలి. అచ్చులో క్లోరోఫాం ద్రావణం పోస్తే అచ్చే ఉబ్బిపోయింది.

తిప్పుడుయంత్రం
పీడీఎంఎస్‌కి క్లోరోఫాం, టీహెచ్ఎఫ్ రెండూ పనికిరావు, రెండూ దాన్ని విపరీతంగా ఉబ్బిస్తాయి. డీఎంఎఫ్ దాదాపు ఉబ్బించదు, మీ పాలిమర్ అందులో కరిగితే అది వాడొచ్చు కానీ ఆరడానికి చాలా సమయం తీసుకుంటుంది, గాలి బుడగలు ఉంటాయి. దానికంటే ద్రావకం లేకుండా వేడితో అచ్చు వేయండి. మందమైన పొర పోసుకుని పూర్తిగా ఆరబెట్టండి. 5 మైక్రాన్ల స్తంభాలకి పాలిమర్ చాలా కావాలి, స్పిన్ చాలదు, డ్రాప్ కాస్ట్ చేయాలి. టీజీకి 25–30 డిగ్రీలు పైకి, అంటే 155–160కి తీసుకెళ్ళి అచ్చుని నొక్కండి. బరువు సమానంగా పడేలా పైన ఒక గాజుపలక పెట్టండి. 15–20 నిమిషాలు ఉంచి, నొక్కు తీయకుండానే 60 డిగ్రీల కిందికి చల్లార్చి, ఒక అంచు నుంచి నెమ్మదిగా ఒలవండి. వేడి మీద ఒలిస్తే స్తంభాలు సాగి కొనతేలతాయి. 200 దాటనివ్వకండి, రంగు చెడిపోతుంది.

పీడీఎంఎస్ 10:1 మామూలుగానే. సిలికాన్ పలక మాస్టర్‌కి (అసలు మూసకి) ముందు ఫ్లోరోసైలేన్ ఆవిరి పట్టించడం మరిస్తే మొదటి అచ్చుతోనే మాస్టర్ పోతుంది.

ఓరుగల్లు_ఆప్టిక్స్
కాంతి భాగం నేను చెబుతాను. నేపుల్స్‌లోని ఫెడెరికో 2 విశ్వవిద్యాలయంలో అంబ్రోజియో, మద్దలేనా, ఓస్కురాతో వాళ్ళు 2017లో సరిగ్గా మీరు చెప్పిన పనే చేశారు, స్తంభాల్ని కాంతితో సాగదీసి తడిసే గుణాన్ని మార్చారు. ఇంటర్‌ఫెరెన్స్ అక్కర్లేదు, సమానమైన ఒక్క బీమ్ చాలు. లీనియర్ పెడితే ఆ దిశలో సాగుతుంది, సర్క్యులర్ పెడితే అన్ని వైపులా సమానంగా ఉబ్బుతుంది. ఒక దిశలో సాగినదాన్ని పోలరైజేషన్ 90 తిప్పి వెనక్కి తేవొచ్చు. టోరీనో పాలిటెక్నిక్ వాళ్ళు 2016లో ఒక్కొక్క స్తంభాన్ని అలా సాగదీసి, తిరిగి తెచ్చి చూపించారు.

మీకు అడ్డం వచ్చేది ఇది: ఈ రంగు కాంతిని చాలా గట్టిగా మింగుతుంది, పైనుంచి కొడితే పై మైక్రాన్ లోపలే దాదాపు ఆగిపోతుంది. 5 మైక్రాన్ల స్తంభంలో తల మాత్రమే సాగి, కాలు అలాగే ఉండి, గొడుగులా తయారవుతుంది. నీటిబొట్టుకి తల ఆకారమే ముఖ్యం కాబట్టి మీకు అది మంచిదే కావొచ్చు. స్తంభం మొత్తం సాగాలంటే హోమోపాలిమర్ వదిలేసి, డిస్పర్స్ రెడ్ తక్కువ శాతంలో ఉన్న పీఎంఎంఏ కోపాలిమర్‌కి మారండి, లేదా శోషణ తోక దగ్గరి తరంగదైర్ఘ్యంతో కొట్టండి.

కొలనుకలువ
గొడుగు ఆకారం నాకు ఫర్వాలేదు. ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది? పక్క స్తంభానికి అంటుకుంటే మళ్ళీ విడిపోతుందా?

చినుకు
విడిపోదు. అంటుకున్న చోట ఉపరితలం కలిసిపోతుంది, పోలరైజేషన్ తిప్పినా గోడలా ఉండిపోతుంది. మీ స్తంభాల మధ్య ఖాళీ 5 మైక్రాన్లు, అంటే ఒక్కో స్తంభం ఒక్కో వైపు 2.5 కంటే తక్కువే సాగాలి. 1.5 దగ్గర ఆపండి. సరళరేఖలా పెరుగుతుందనుకోవద్దు, మొదట్లో వేగం ఎక్కువ. కాబట్టి ఒకే శాంపిల్ మీద అట్టముక్కని నిమిషానికి ఒకసారి జరుపుతూ 1, 2, 3 నిమిషాల పట్టీలు వేసుకుని మైక్రోస్కోప్‌లో కొలవండి. మైక్రోస్కోప్ దీపానికి ఎరుపు ఫిల్టర్ పెట్టాలి. తెల్లటి హాలొజెన్‌ని ఆబ్జెక్టివ్‌తో గుచ్చితే చూస్తున్నంతసేపూ స్తంభం కదులుతూనే ఉంటుంది.

మల్లెతీగ
ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) లో చూడాలంటే చివర్లోనే చూడండి. బంగారం పూసాక ఆ శాంపిల్ మీద మళ్ళీ కాంతి పని జరగదు, ఎలక్ట్రాన్ బీమ్‌కి పాలిమర్ కూడా పాడవుతుంది. మధ్య దశలన్నిటికీ ఏఎఫ్ఎం లేదా ఎరుపు కాంతి మైక్రోస్కోప్.

నేతగాడు
సన్నపొర గారి గ్రేటింగ్‌నే మాస్టర్‌గా పెట్టి పీడీఎంఎస్ కాపీలు తీయొచ్చా? అలాగైతే ఖరీదైన పాలిమర్ ఒక్కసారే ఖర్చు.

తిప్పుడుయంత్రం
తీయొచ్చు. పీడీఎంఎస్‌ని 60 డిగ్రీల్లో నాలుగైదు గంటలు, తొందర లేకపోతే గది వేడిలో రెండు రోజులు. త్వరగా అయిపోతుందని 100 డిగ్రీలకి పెడితే పీడీఆర్1ఎమ్ తట్టుకోవచ్చు, పీడీఆర్1ఏ గ్రేటింగ్ మాత్రం చదునైపోతుంది. ఒలిచేటప్పుడు గీతల వెంబడి లాగండి, అడ్డంగా కాదు.

సన్నపొర
కాపీ కూడా ప్రయత్నిస్తాను. ఈ స్లైడ్‌నే చెరిపి మళ్ళీ రాయాలంటే 140 డిగ్రీలు పెట్టాలా, సర్క్యులర్ బీమ్‌తో చెరపడం మేలా?

చినుకు
మొత్తం స్లైడ్ చెరపాలంటే వేడి. 140లో పది నిమిషాలు, తర్వాత ప్రోబ్‌తో చూసి సున్నా అయ్యిందో లేదో తేల్చుకోండి. గాజు మీద పొర పలుచనగా ఉండి అంత వేడిలో ఎక్కువసేపు ఉంటే కుదురుకోకుండా ముద్దలు కడుతుంది, అందుకే పది నిమిషాలు మించొద్దు. కొంత భాగమే చెరిపి పక్కది ఉంచుకోవాలంటే ఒక్క బీమ్, సర్క్యులర్, మాస్క్ పెట్టి. అయితే 200 నానోమీటర్ల లోతు కాంతితో పూర్తిగా పోదు, కొద్దిగా నీడ మిగులుతుంది. అదే చోట వేరే పీరియడ్ రాస్తే ఆ నీడ చుక్కగా కనిపిస్తుంది, కొత్త గ్రేటింగ్‌ని 90 డిగ్రీలు తిప్పి రాస్తే రెండు చుక్కలూ వేర్వేరు దిక్కుల్లో పడి కొలతకి అడ్డం రావు.